పుచ్చకాయ పరీక్ష

"ఏమండీ, అది వయొలిన్. అలా తట్టి చూడ్డానికి పుచ్చకాయ కాదు," అన్నాడు కొట్టు యజమాని.

తండ్రి తట్టడం ఆపలేదు. ఎర్రగా నిగనిగలాడుతున్న వయొలిన్‌ను ఎడమచేతిలో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మడిచిన వేలితో దాని పొట్ట మీద టక్ టక్ మని కొడుతున్నాడు. పక్కనే ఉన్న కూతురికి తల కొట్టేసినట్టయింది. యజమాని మాటవరసకే అన్నాడు గానీ, మార్కెట్టు మూల మీద ఆ తండ్రి అమ్మేది పుచ్చకాయలే.

"వాయించి చూశాను కదా నాన్నా. బాగానే పలికింది. ఇదే తీసుకుందాం," అని గొణిగింది. సంగీత పాఠశాలలో సీటు కోసం రేపు పొద్దున్న పదింటికి పరీక్ష. ఇన్నాళ్ళూ వాయించిన అరువు వయొలిన్ నిన్ననే టీచరుగారి ఇంటికి తిరిగి వెళ్ళిపోయింది. ఇవాళ మంచిది దొరక్కపోతే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"రంగు చూసి మురిసిపోకు. రేపు వాళ్ళ ముందు గర్రుమంటే అప్పుడేం చేస్తావు?" అన్నాడు తండ్రి.

యజమాని చేతులు కట్టుకుని, ఈ జిడ్డు బేరం ఎప్పుడు తెములుతుందా అన్నట్టు చూస్తున్నాడు. తండ్రి వేలు మెల్లగా వయొలిన్ కింది అంచుకు జరిగింది.

"ఈ ఏడు ఎండలు మరీ ముదిరిపోయాయి కదండీ," అన్నాడు యజమాని.

"ముదిరాయండీ." తండ్రి అక్కడే ఇంకో రెండు దెబ్బలు వేశాడు. "ఇక్కడ జిగురు ఊడింది."

"అబ్బే, మొన్ననే వచ్చిన సరుకండీ."

"నీ బస్సు టికెట్టు ఇలా ఇవ్వమ్మా."

కూతురు ఇచ్చింది. తండ్రి దాన్ని పై చెక్కకూ పక్క చెక్కకూ మధ్య పెట్టి నెట్టాడు. టికెట్టు సగం దాకా లోపలికి వెళ్ళిపోయింది. కూతురు ఒకసారి టికెట్టునూ ఒకసారి తండ్రినీ చూసింది.

"పోనీ ఇది చూడండి." యజమాని ఈసారి అద్దాల బీరువా తాళం తీసి, ముదురు రంగుదొకటి రెండు చేతులా పట్టుకొచ్చాడు. "పాతది. పాత చెక్కకున్న నాదం కొత్తదానికి రాదు."

కూతురు కమాను వేసి రెండు స్వరాలు పలికించింది. కళ్ళు మెరిశాయి. తండ్రి దాన్ని అందుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. పొట్ట, వీపు, నడుము. యజమాని బీరువా తాళంచెవి వేలికి తిప్పుకుంటున్నాడు. వేలు మెడ దగ్గరికి వచ్చింది.

"అమ్మాయి ఏం చదువుతోందండీ?"

"తొమ్మిది. ఇక్కడ పగులుంది, పైన పాలిష్ వేశారు."

కూతురు దాన్ని లాక్కుని వీధి వెలుతుర్లోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. మెడ మొదట్లో వెంట్రుకంత గీత. తన తండ్రి ఎంతటివాడో ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. పుచ్చకాయల సంగతి బయటపడుతుందన్న బెంగ కూడా పోయింది.

"పై అరలో ఆ మూలదేమిటి?" అన్నాడు తండ్రి.

"అదా? అది మీకు నచ్చదండీ. రంగు వెలిసింది, పైన గీతలున్నాయి."

స్టూలెక్కి దించితే గుప్పెడు దుమ్ము రాలింది. తండ్రి తట్టాడు. ముందూ వెనకా, అంచులూ మెడా, ఎక్కడా వదల్లేదు. యజమాని ఆవలించాడు, గోళ్ళు చూసుకున్నాడు, మళ్ళీ ఆవలించాడు. తండ్రి రెండో చుట్టు కూడా తిరిగాడు.

"ఇదే," అన్నాడు తండ్రి.

ఎర్రదాని మీద ఇంకా కొంచెం మనసున్నా, కూతురు మారు మాట్లాడకుండా దాన్ని భుజానికెత్తుకుంది. బిరడాలు తిప్పి శ్రుతి చేసి కమాను లాగింది. నాదం కొట్టంతా నిండి బయటికి కూడా పొంగింది. పక్క కొట్లో దర్జీ మిషను ఆపి, మెళ్ళో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూతురు ఆనందం పట్టలేక రేపు వాయించాల్సిందంతా అక్కడే వాయించేసింది.

"గురువుగారూ," అన్నాడు యజమాని. "తమరు వయొలిన్లు చేస్తారా?"

"పుచ్చకాయలు అమ్ముతానండీ."

యజమాని చెయ్యి చాచి వయొలిన్ అందుకున్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే కొత్త తీగలు వేసి, పెట్టె దుమ్ము దులిపి ఇచ్చాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ కొట్లో ఉన్నాను. ఆ తట్టే విద్య నాకూ కాస్త నేర్పకూడదూ?"

"వస్తుందిలెండి. ఇంకో పదేళ్ళు పోతే," అన్నాడు తండ్రి.

వీధిలోకి రాగానే కూతురు పెట్టెను గుండెకు హత్తుకుని తండ్రి భుజానికి ఆనుకుంది.

"ఆరేళ్ళుగా వాయిస్తున్నాను, నాకే తెలియలేదు. ఆ జిగురు ఊడిన చోట నీకు ఎలా వినబడింది నాన్నా?"

"నాకేం వినబడుతుందమ్మా? అన్ని చోట్లా ఒకేలా టక్కుమంది."

"మరి ఎలా కనిపెట్టావు?"

తండ్రి చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ముప్ఫై ఏళ్ళ నుంచీ చూస్తున్నా కదమ్మా, చెడిపోయిన కాయ మీద ఎవరి వేలైనా పడిందంటే చాలు, నేనూ వెంటనే ఎండల గురించే ఎత్తుకుంటాను."