చెయ్యి తీసినావా?

మిక్సీ కొన్నప్పటి నుంచీ రుక్మిణికి అత్త ఆంజినమ్మతో ఇదే గోల. రుబ్బురోలు అలవాటు పోక, స్విచ్చి ఆపకుండానే జారులో చెయ్యి పెట్టి పచ్చడి తోస్తుంది ముసలామె.

"రోటికాడైతే పొత్రం తిప్పేవాళ్లు 'చెయ్యి తీసినావా' అని అడుగుతారు అత్తా. ఇది అడుగుతాదా? వేళ్లు తెగితే రేపు మగ్గం మీద పోగులు ఎవురు అతుకుతారు?"

ఆంజినమ్మ గోడవార స్విచ్చి కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది. రుక్మిణి ఆమెకు వీపు తిప్పి మిక్సీ వేసింది. వేరుశనగ పచ్చడి సగం నలిగేసరికి కరెంటు పోయింది. ధర్మవరంలో చీకటి పడితే రోజూ ఇంతే.

"స్విచ్చన్నా ఆపు అత్తా. ఎన్నిసార్లు చెప్పల్ల?"

చీకట్లో స్విచ్చి దగ్గర నుంచి "ఊఁ" అని వినిపించింది.

రుక్మిణి విసుగ్గా మూత తీసి లోపల తడిమింది. చింతపండు పీచు బ్లేడుకు చుట్టుకుపోయి ఉంది. లాగబోతే ఆ పీచులో తన వేళ్లే చిక్కుకున్నాయి.

అప్పుడు వీధరుగు మీద నుంచి ఆంజినమ్మ కేక వేసింది.

"ఎవురితో మాట్లాడతాండావే? కరెంటు పోకముందే నేను ఈడికొచ్చి పండుకున్నా."

రుక్మిణి గట్టిగా చెయ్యి లాగింది. రాలేదు. వీధి చివర ఇళ్లలో కరెంటు వచ్చి దీపాలు వెలిగాయి.

స్విచ్చి దగ్గర ఎవరో విసుగ్గా నిట్టూర్చారు.

"చెయ్యి తీసినావా? ఎన్నిసార్లు అడగల్ల?"