మూడో పాఠం, పన్నెండో నిమిషం

మానస చిల్కానగర్‌లో బస్సు దిగి ఇల్లు చేరేసరికే ఫోన్ మోగింది.

మళ్లీ బిక్షపతి.

“మేడమ్, మూడో పాఠంల పన్నెండో నిమిషం కాడ మీ గొంతు కిందికి వోయింది. రెండు మాటలు ఇనొస్తలేవు.”

సరిచేసి పంపుతానని చెప్పి పెట్టేసింది. ఆ వారంలో అది మూడోసారి.

ఉప్పల్‌లో చూపులేని పిల్లల హాస్టల్ ఒకటుంది. వాళ్ల కోసం పదో తరగతి పాఠాలు చదివి, రికార్డు చేసి పంపుతానని ఏడాది కిందట ఆమే ఒప్పుకుంది. తప్పులుంటే చెప్పమని తన నంబరు కూడా ఇచ్చింది. నాచారంలో ఫ్యాక్టరీ డ్యూటీ ముగించుకొచ్చి, పక్కింటి కుక్కర్ కూతలు ఆగేదాకా చూసి, ఫ్యాన్ ఆపి, తలుపుకు రగ్గు వేలాడదీసి, ఆ ఉక్కలో గంటసేపు చదివేది. వాక్యం చివరికొచ్చేసరికి గొంతులో ఓపిక ఉండేది కాదు.

సరిగ్గా ఆ చివరి మాటలే బిక్షపతికి అందేవి కావు. గొంతు పెద్దవాడిదిలా ఉన్నా, ఆలస్యంగా చదువు మొదలుపెట్టిన విద్యార్థేమో అనుకుంది మానస.

ఆ సాయంత్రం విసిగిపోయి, కంప్యూటర్‌లో కంప్రెషన్ గట్టిగా బిగించింది. గొంతు పెరిగినచోట అణిచి, తగ్గినచోట లేపి, అంతటినీ ఒకే మట్టానికి తెచ్చే పని అది. ఇక ఒక్క మాటా జారిపోదు.

మర్నాడే ఫోన్.

“ఇప్పుడు అన్నీ ఇనొస్తున్నయ్ మేడమ్. కానీ ఏది బరువైన మాటనో తెలుస్తలేదు. అన్నీ ఒక్క తీరుగున్నయ్. జర ఎనకటి లెక్కనే...”

“నేను ఊరికే చదువుతున్న. నచ్చకపోతే వినకండి,” అంది మానస.

అని, నంబరు బ్లాక్ చేసింది.

మూడు వారాలు హాయిగా గడిచాయి. ఒకరోజు డ్యూటీకి వెళ్తూ బస్సులో తన పాఠం తనే విన్నది. ప్రశ్న, జవాబు, పేరు, తేదీ అన్నీ ఒకే బరువుతో చెవిలో పడుతున్నాయి. నాచారం రాకముందే నిద్ర ముంచుకొచ్చింది.

ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు కూర్చుంది. కంప్రెషన్ సడలించి, జారిపోయిన మాటలను ఒక్కొక్కటిగా పైకి లేపింది. బిక్షపతికి చెబుదామని బ్లాక్ తీసి చేస్తే ఫోన్ స్విచాఫ్.

ఆదివారం హాస్టల్‌కు వెళ్లి, బిక్షపతి ఏ తరగతని వార్డెన్ శ్యామలాదేవిని అడిగింది.

“ఆ పేరుతో పిల్లలెవరూ లేరే. వాచ్‌మన్ బిక్షపతా? ఒకటో తారీఖున తీసేసిన్రు.”

ఎన్నిసార్లు చెప్పినా గేటు వదిలేసి లోపలికొచ్చి కూర్చునేవాడట. పైవాళ్ల కంట పడ్డాడట. ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదట.

వరండాలో పదిహేనేళ్ల అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. మానస పలకరించింది. ఆ అమ్మాయి తల తిప్పలేదు.

“ఆమె ప్రజ్ఞ. చూపూ లేదు, వినికిడీ లేదు. వచ్చే వారమే పదో తరగతి పరీక్షలు,” అంది శ్యామలాదేవి.

మరి ఇన్నాళ్లూ పాఠాలు ఎవరు చెప్పారని మానస అడిగింది.



“మీ పాఠం చెవుల వెట్టుకొని, ఒక్కో మాట ఆ పిల్ల అరచేతిల వేలితోటి రాసింది ఆయననే మేడమ్.”