పూత కోసం

మూడో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడో లేదో, వీధి గేటు గొళ్ళెం చప్పుడైంది. రామకాంత్ కిటికీలోంచి తొంగి చూసి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నాన్న," అన్నాడు.

భార్య మాధురి చటుక్కున వీధి తలుపు వైపు చూసింది. మామగారు బుల్లయ్య సంగతి ఇద్దరికీ తెలుసు. పెద్దల్లుడింట్లో ఫ్రిజ్ వెనక ఒక్క సీసా కనబడినందుకు విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి. ఆ గడప మళ్ళీ తొక్కలేదు. ఇక్కడేమో భోజనాల బల్ల మీద మూడు నల్ల బీరు సీసాలు మూతలు తీసి ఉన్నాయి. వాటి ముందు మూడు గ్లాసులు, ఓ పక్కన వేయించిన పల్లీలు, కింద అట్టపెట్టెలో రకానికొకటి చొప్పున ఇంకో మూడు సీసాలు. దాచే వ్యవధి లేదు. ఆయన అప్పటికే వరండాలో చెప్పులు విడుస్తున్నాడు.

అంతవరకూ ఆ ఆదివారం మధ్యాహ్నం ఎంత బాగా గడిచిందో. బెంగుళూరు నుంచి స్నేహితుడు ప్రకాష్ తెచ్చిచ్చిన సీసాలవి. రామకాంత్ తాగింది తక్కువ, వాసన చూసింది ఎక్కువ. కళ్ళు మూసుకుని, ఒక్కో గుక్కనీ నాలుక మీద నిలిపి, అందులో ఏమేం తగులుతున్నాయో చెబుతుంటే మాధురి పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తనూ చెంచాడు నోట్లో వేసుకుని చూసింది. అతను చెప్పినవన్నీ ఉన్నాయి. బ్యాంకులో పొద్దస్తమానం అంకెలతో గడిపే మనిషికి ఇంత మంచి ముక్కుందని పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసిందామెకు.

"ఏంట్రా ఇవి?" గుమ్మంలోనే ఆగిపోయాడు బుల్లయ్య.

రామకాంత్ తల దించుకున్నాడు. మాధురి లేచి నిలబడింది.

"బీరు మామయ్యా. మీ మిరప చేనుకి. పూత రాలుతోందన్నారుగా, మీ అబ్బాయి తెప్పించారు."

పోయిన వారం ఫోన్లో ఆయన అన్న మాటే ఆమెను ఆదుకుంది. పక్క చేను రసూల్‌బీ వాళ్ళు మందు కొట్టే ట్యాంకులో బీరు కలిపి కొడితే పూత నిలబడిందట. తనూ కొట్టి చూసేవాడే గానీ, ఈ వయసులో ప్రత్తిపాడు బ్రాందీ షాపు ముందు నిలబడి అడగడానికి మొహం చెల్లలేదట. ఇప్పుడు కూడా పూత నిలిచే మందు కోసమే పురుగుమందుల కొట్టుకని గుంటూరు వచ్చి, ఆదివారమని అది మూసి ఉంటే ఇటు వచ్చానన్నాడు.

బుల్లయ్య ఒక సీసా ఎత్తి వెలుగుకి పెట్టి చూశాడు.

"వాళ్ళు కొట్టింది లేత పసుపు రంగుదమ్మా. ఇది తారులా ఉందే."

"నల్లది ఇంకా బలం నాన్నా," అన్నాడు రామకాంత్.

"మరి గ్లాసులెందుకు?"

"ట్యాంకుకి ఎంత కలపాలో కొలత చూస్తున్నారు," అంది మాధురి.

"ఈ పల్లీలో?"

"పల్లీలు పల్లీలే మామయ్యా, తినండి." పళ్ళెం ఆయన ముందుకు జరిపింది.

ఆయన కూర్చుని నాలుగు పల్లీలు నోట్లో వేసుకుని, ఒక్క చేనుకి మూడు రకాలెందుకని అడిగాడు. రామకాంత్‌కి కొత్త అబద్ధం తట్టలేదు. ఉన్నదే చెప్పాడు. మొదటిది కాఫీ గింజలు నల్లగా వేగినట్టుంటుందన్నాడు. రెండోది బెల్లంపాకం అడుగంటినట్టు, తీపి చివర చిన్న చేదు. మూడోదాన్ని గురించి చెప్పకుండా గ్లాసు తండ్రి చేతికిచ్చాడు.

బుల్లయ్య వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"మా నాన్న పొగాకు బ్యారన్‌రా ఇది," అన్నాడు మెల్లగా. "కొట్టు లోపల మంట పెట్టి ఆకు పండబెట్టేటప్పుడు తలుపు సందులోంచి ఇదే వాసన."

ఆయన కొడుకుని ఎగాదిగా చూశాడు. చేను సంగతి నీకు పట్టదనుకున్నాననీ, ఇంత శ్రద్ధగా వాసన పట్టి, వేరుచేసి చూశావంటే నా కంటే నయమనీ అన్నాడు. తండ్రి నోట అలాంటి మాట రామకాంత్ ఎన్నడూ వినలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మాధురికి సిగ్గేసింది, ఆపైన గర్వంగానూ అనిపించింది. అబద్ధం తనదే గానీ, ఆ ముక్కు మాత్రం నిజంగా అతనిదే.

భోజనమయ్యాక బుల్లయ్య అట్టపెట్టెలోని మూడు సీసాలూ తీసి, తువ్వాల్లో చుట్టి సంచిలో సర్దుకున్నాడు. మూత తీసినవి దారిలో ఒలికిపోతాయనీ, వాటిని పెరట్లో మొక్కలకి పోసెయ్యమనీ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, వెంట వచ్చి నిలబడ్డాడు. రామకాంత్ తండ్రి కళ్ళెదుటే సీసాలూ గ్లాసులూ కరివేపాకు మొదట్లో ఒంపాడు. చివరి గ్లాసు దగ్గర అతని చెయ్యి చాలాసేపు ఆగింది. మాధురి మొహం పక్కకి తిప్పుకుంది.

వారం తిరిగాక అత్తగారు సుబ్బరావమ్మ ఫోన్ చేసింది. నల్ల బీరుకి మొక్కలు మాడిపోయాయేమోనని మాధురికి ఒకటే భయం. చేను ఎలా ఉందని అడిగింది.

"చేనుకేమమ్మా, మొన్నటి వానకి పూత అదే నిలబడింది," అందావిడ. తర్వాత గొంతు బాగా తగ్గించింది. "అబ్బాయిని ఈసారి ఆ బెల్లం వాసనది రెండు తెమ్మను. ఒక్కటే అయ్యేసరికి మీ మామయ్య నాకు గుక్కెడే మిగిల్చారు."