ఎర్ర గీత దారి

రెండు కార్లు వచ్చాయి. రెండింటినీ ఆమె రద్దు చేసింది. మూడోసారి ఫోనులో తెల్లకారు పడగానే గబగబా జుట్టు సర్దుకుంది.

"ఓటీపీ చెప్పండి మేడం," అన్నాడు డ్రైవరు.

చెప్పింది. అద్దం పక్కన కెమెరాకి ఎర్రదీపం వెలిగింది. బండిలో పలికే ప్రతి మాటా కంపెనీకి చేరుతుంది. తెలిసినవాళ్ళనే తిప్పుతున్నాడని అనుమానం వస్తే చాలు, డ్రైవరు నోట్లో మట్టి పడ్డట్టే.

"సందుల్లోంచి వెళ్తే పది నిమిషాలు. మెయిన్ రోడ్డు మ్యాపులో అంతా ఎర్రగీతే మేడం."

"మెయిన్ రోడ్డు మీదే పోనివ్వండి."

ట్రాఫిక్కును కోరుకునే మనిషి లోకంలో ఉంటుందా? ఉంది, వెనకసీట్లో కూర్చుంది.

ముందూ వెనకా కార్లే. సగం వాటిలో డ్రైవరు తప్ప మనిషి లేడు. బేరం తగలక ఊరికే తిరుగుతున్నాయి. బస్సు నిండా పట్టే జనం మనిషికో కారెక్కితే రోడ్డు మాత్రం ఏం చేస్తుంది? పొగ మింగుతూ పడి ఉంది.

అతను దగ్గాడు. ఆమె నీళ్ళసీసా అందించింది.

"మా చిన్నదానికీ ఇదే దగ్గు మేడం. రోడ్డు పక్క ఇల్లు వదిలెయ్యమన్నాడు డాక్టరు. ఊరి చివర ఇల్లు తీసుకోవాలని రెండు షిఫ్టులు తోలుతున్నా. పొగ తప్పించుకోడానికి పొగ వదులుతున్నానన్నమాట!" నవ్వబోయి మళ్ళీ దగ్గాడు.

"ఇంటికెప్పుడు వెళ్తారు?"

"అందరూ పడుకున్నాక. వాళ్ళు లేవకముందే మళ్ళీ బండి."

"ఇంటావిడ ఏమీ అనదా?"

"ఏమంటుంది పాపం! బెంగపెట్టుకుంటుంది."

ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "పొగ," అంది.

సిగ్నలు పచ్చబడింది. ఇంకొక్కసారి ఎర్రబడితే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది. ఎన్నిసార్లు ఎర్రబడినా దారి అయిపోక తప్పదుగా.

ఇల్లు వచ్చేసింది. అప్పుడే అతని ఫోను తర్వాతి బేరానికి మోగింది. దిగుతూ ఆమె అన్నం డబ్బా సీట్లో మరిచిపోయింది. అతను చూశాడు, పిలవలేదు. పొగ రాకుండా బిగించిన మేడమీది కిటికీ వైపు ఒక్కసారి తలెత్తి, బండి కదిలించాడు.

ఆమె మెట్లెక్కింది. పక్కింటి పిన్నిగారు తలుపు తీసింది. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ కూతురు దగ్గుతూ వెనక్కి తిరిగింది.

"నాన్న ఇవాళ కూడా పైకి రాడా అమ్మా?"