గడ్డి బుట్టలు

ఆపదలో పంచుకోవడానికి అడవి జంతువులన్నీ గింజలు కూడబెట్టేవి. పంపకంలో ఎవరికీ అన్యాయం జరగకుండా చూసే పని ఎలుగమ్మది.

గింజలు పోయడానికి సంచులు కావలసి వచ్చాయి. "ఊళ్లోంచి ప్లాస్టిక్ సంచులు తెస్తాను, చవక," అంది కాకి.

"పోయినేడు దుప్పి మింగి చచ్చిపోయింది అలాంటి సంచే కదా! ఆదుకోవాల్సిన మనమే ఆపద కొంటామా?" అని ఎలుగమ్మ గిజిగాడి దగ్గర గడ్డి బుట్టలు కొంది. అవి అల్లేసరికి ఆలస్యమైందని అందరూ సణిగారు.

వరదొచ్చింది. గింజలు పంచేశారు. ఖాళీ బుట్టలు చెల్లాచెదురయ్యాయి.

ఓరోజు లేడి బిడ్డను వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎలుగత్తా, నా బిడ్డ మీ గింజల సంచేదో మింగేసింది, దుప్పిలా చచ్చిపోతుందేమో!"

పిల్ల మూతికి అంటుకున్న ముక్కను ఎలుగమ్మ వాసన చూసింది. "ఎండుగడ్డే తల్లీ, అరిగిపోతుంది."

లేడి అక్కడే కూర్చుని బిడ్డను నాకసాగింది.