అప్పటి సముద్రం

సెలవులకు పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్లలేని వాళ్లకు ఆ రోజుల్లో ఫోనే దిక్కు. తల్లీపిల్లల ఫోటోలు రెండిచ్చి ఊరి పేరు చెబితే, వెళ్లొచ్చినట్టే వీడియో తయారుచేసి పెట్టేది. జగిత్యాలలో ఒక వీధి పిల్లల్లో సగంమంది అలాగే దేశం తిరిగారు. అదే వీధిలో ఉంటూ ఆసుపత్రిలో ఆయాగా చేసే స్రవంతి కూడా, సెలవు దొరకని ఒక ఎండాకాలం, నాలుగేళ్ల కూతురు హన్వికకు అలాగే సూర్యలంక సముద్రం చూపించింది. నిజానికి స్రవంతే సముద్రం ఎరగదు.

ఆ వీడియో చూసీ చూసీ, తాను వెళ్లొచ్చాననే నమ్మకంతోనే పిల్ల పెరిగింది. నిజం చెప్పేద్దామని స్రవంతి ఎన్నిసార్లో అనుకుంది. డ్యూటీ నుంచి వచ్చాక అంత మాట ఎత్తే ఓపిక ఏ రోజూ మిగల్లేదు.

హన్వికకు ఉద్యోగం వచ్చింది. మొదటి సెలవుకే తల్లిని సూర్యలంక తీసుకొచ్చింది.

"గప్పుడు మనం నిలవడ్డది గీడనే అమ్మా. పెద్ద అల వస్తే నన్ను ఎత్తుకున్నవ్, యాదికున్నదా?"

స్రవంతి జవాబు చెప్పేలోగా అల వచ్చి మోకాళ్లకు కొట్టింది. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే బెదిరిపోయి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

హన్విక నవ్వింది. "గింత భయమేందే నీకు? గప్పుడు అస్సలు భయపడలే."

నిజం చెప్పేస్తే ఈ బరువు దిగిపోతుందనుకుంది స్రవంతి. నోరు తెరిచింది కూడా.

"గప్పుడు నువ్వు సంకల ఉంటివి బిడ్డా. నాకు భయపడే తీరికెక్కడిది?"

ఆ మాట అన్నాక, నాలుగేళ్ల పిల్లను మోసి దించినట్టు, ఆమె ఎడమ చెయ్యి నిజంగానే నొప్పితో గుంజసాగింది.