సాతానుకు చిక్కని పళ్లు

మా సంఘపెద్ద దావీదురాజు చర్చిలో ప్రేమవిందుకు ముందు ప్రార్థన ఎత్తుకున్నాడంటే, వేటకూర గడ్డకట్టేదాకా ఆమెన్ అనడు. అయితే ఏడాదిగా, సరిగ్గా విందు రోజునే ఆయన కట్టుడు పళ్లసెట్టు మాయమవుతూ వచ్చింది. బోసినోటితో సిగ్గుపడి ప్రార్థన నాకు అప్పగించేవాడు. నేను రెండు ముక్కల్లో ముగించేవాణ్ణి.

“ఇది సాతాను పనప్పా! వాని సంగతి చూస్తా” అని కర్నూలుకు పోయి, సెట్టు బదులు దవడ ఎముకలోకే మరలు బిగించే ఇంప్లాంట్ పళ్లు పెట్టించుకొచ్చాడు.

ఈ ఆదివారం విస్తళ్లలో కూర పొగలు కక్కుతోంది. దావీదురాజు తెల్లగా నవ్వి, “కండ్లు మూసుకోండప్పా” అన్నాడు.

మేమంతా కళ్లు తెరిచి ఆయన భార్య రత్నమణి వైపు చూశాం.

“నన్ను చూస్తే ఏం లాభమప్పా?” అని గొణిగిందామె. “నిద్రపోతాంటే పట్టుకొని లాగి చూసినా. ఎంతకీ ఊడి రాల్యా.”